పురుగు తిన్నచోట ఇసుక

మా ఇంటి గోడల మీద పటం ఒక్కటి కూడా లేదు. దేవుడి పటాలు ఉన్నాయి, వాటి సంగతి వేరు. నేను చెప్పేది నేల పటాల గురించి. మా అబ్బాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు గోడకు తగిలించుకుంటానని ముచ్చటపడి భారతదేశ పటం కొనుక్కొస్తే, చుట్ట చుట్టి బీరువా మీద పడేశాను. "పటాలు గీసే ఆఫీసులోనే పని చేస్తాండాది గదా, మళ్ళా పటమంటే ఎందుకంత కోపం అమ్మకు?" అని వాడు వాళ్ళ నాయన దగ్గర గొణిగాడు. కోపం కాదది, రోత. కోపమైతే ఎప్పుడో చల్లారిపోయి ఉండేది.

తొంభైల చివర్లో మా నాయన సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన సర్వేలో గొలుసు లాగే చైన్‌మన్. బతికినన్నాళ్ళూ వేరుశనగ చేల గట్ల మీద ఎండలో నడిచిన మనిషి. ఆయన పోయాక నాకు కారుణ్య నియామకం కింద అనంతపురంలో ట్రేసరు ఉద్యోగం ఇచ్చారు. ట్రేసరంటే పాత పటం మీద పల్చటి కాగితం పరిచి, కింద కనబడే గీతల్ని ఇంకుతో దిద్దే మనిషి. కింద బల్బు వెలిగే గాజుబల్ల ముందు కూర్చుని, మెడ విరిగేలా వంగి, పొద్దంతా గీతల మీద గీతలు గీయాలి. నీడ పట్టున కూర్చుని చేసే ఉద్యోగం వచ్చిందని మా అమ్మ పొంగిపోయింది.

నీడ ఉంది నిజమే. దాంతోపాటు కంపు కూడా ఉంది. పటాల గదిలోకి మొదటి రోజు అడుగుపెట్టగానే ఎలుకల ఉచ్చ వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది. ఇనుప బీరువాల తలుపులు సగం ఊడిపోయి వేలాడుతున్నాయి. కిటికీ మూలన, మనిషి నిలబడితే నోరు అందేంత ఎత్తులో, గోడంతా వక్కాకు ఉమ్మి ఎండి నల్లబడిపోయింది. మొదటి కట్ట విప్పగానే అందులోంచి ఎండిపోయిన ఎలుకపిల్లలు నాలుగు బల్ల మీద రాలాయి. నేను కుర్చీ తన్నేసి బయటికి పరుగెత్తాను. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సారు నవ్వుతూ, ఆ ఎలుకపిల్లల్ని ఒక చిత్తుకాగితంతో పక్కకు ఊడ్చి, "ఏమ్మా, సచ్చినవాటికి భయపడితే ఎట్ల? ఈడ బతికినవి ఇంగా శానా ఉండాయి" అన్నాడు. ఆ చేతితోనే టీ గ్లాసు అందుకున్నాడు. గ్లాసు అడుగు తడిగా ఉంది. దాన్ని పెట్టింది పటంలోని ఒక ఊరి చెరువు మీద.

అప్పట్లో జిల్లాలోని పాత గ్రామ పటాలన్నింటికీ కొత్త ప్రతులు తయారుచేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పాతవి దొరల కాలం నాటివి. పల్చటి మల్లు గుడ్డకు కాగితం అతికించి, ఆ కాగితం మీద తెలుగులో, గుండ్రటి చేతివ్రాతతో ఊరి పేర్లు, వంకల పేర్లు, మిట్టల పేర్లు రాసినవి. ఆ కంపులో నాకు దొరికిన ముచ్చట అదొక్కటే, ఆ పేర్లు.

ముఖ్యంగా పెన్న పటాలు. మా పెన్నలో నీళ్ళు ఎన్నేళ్ళకో ఒకసారి వస్తాయి. వచ్చిన నాలుగు రోజులు ఊళ్ళకు ఊళ్ళు గట్టు మీదే ఉంటాయి. మిగతా కాలమంతా అది ఇసుక దారి, అందులో చెప్పులు వేసుకుని నడవొచ్చు. అలాంటి ఏట్లో దీవులున్నాయంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఉన్నాయి. ఏటి నడుమ మట్టి పేరుకుని, చెట్లు మొలిచి, వరద వచ్చినా మునగని ఎత్తు చోట్లు. తిప్ప అంటారు, దిబ్బ అంటారు. పటాల్లో ప్రతిదానికీ పేరుంది. పీర్లదిబ్బ ఉంది, పీర్లను కడగడానికి పక్కన చెలమ తవ్వేవాళ్ళట. తగువుదిబ్బ ఉంది, అది తమదంటే తమదని రెండు ఊళ్ళు తలలు పగలగొట్టుకున్నాయట. ఒక తిప్పకైతే రెండు పేర్లు కనబడ్డాయి. బాగా పాత పటంలో అది నక్కలతిప్ప. తర్వాతి పటంలో అదే ఆకారం, అదే చోటు, పేరు మాత్రం గొర్రెలతిప్ప. ఆ రెంటి నడుమ ఎప్పుడో ఏరు వచ్చినప్పుడు ఒక మంద మూడు రోజులు దాని మీద నిలిచి బతికిందని ఆ ఊరి మనిషి ఒకాయన చెప్పాడు. అంటే జనం ఊరికే పేరు పెట్టలేదు. అక్కడ ఏదో ఒకటి జరిగాక, మరిచిపోకూడదనుకున్నాక పెట్టారు. అది విన్న రోజు ఇంటికి పోయి మా అమ్మకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ, "జీతం ఎప్పుడిస్తారంట?" అంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీన్ని దాచుకుని దాచుకుని నాకే వెగటు పుట్టింది.

పాత పటాలకు చిల్లులుండేవి. పురుగు తిన్నవి, ఎలుక కొరికినవి, మడత దగ్గర పొడి రాలిపోయినవి. నియమం ప్రకారం ఆ చోటు ఖాళీగా వదిలి, చుట్టూ ఎర్ర ఇంకుతో గీత గీసి, 'అసలులో చినిగింది' అని రాయాలి. అలా రాస్తే సర్వేయరు ఆ ఊరికి పోయి, నేల చూసి, జనాన్ని అడిగి, ఆ ఖాళీ నింపాలి. మా హెడ్ సారుకు ఎరుపంటే గిట్టదు. ఎర్ర గీత పోతే పైనుంచి ప్రశ్న వస్తుంది, ప్రశ్నకు జవాబు రాయాలి, సర్వేయర్లు తిట్టుకుంటారు. అందుకని మా గదిలో ఒక పద్ధతి నడిచేది. నేను చేరిన వారంలోనే నాకు నేర్పారు. "చూడు పాపా, చిల్లుకు చుట్టూ ఏముండాదో లోపలా అదే ఉంటుంది. చుట్టూ చేను ఉంటే లోపల చేను. చుట్టూ ఏరుంటే లోపల ఇసుక. దీనికి పెద్ద చదువేం కావాల?" అన్నాడు ఆయన, వక్కాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ.

పటంలో ఇసుక అంటే చుక్కలు. సూది మొన పెన్నుతో, ఒకదానికొకటి తగలకుండా, సమంగా వేల చుక్కలు పెట్టాలి. అందరూ తప్పించుకునే పని అది. నాకు మాత్రం బాగా వచ్చింది. నా చుక్కలు అచ్చు గుద్దినట్టుంటాయని పై అధికారి ఒకాయన భుజం తట్టి మెచ్చుకుంటే, కొన్నాళ్ళపాటు తల ఎత్తుకుని తిరిగాను. అప్పటినుంచి ఏటి పటాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి.

అలా వచ్చిన ఒక పెన్న పటంలో, ఏటి నడుమ, అరచేతిలో సగమంత చిల్లు ఉంది. చిల్లు అంచున ఒక వంపు గీత మొదలై తెగిపోయింది. పక్కన పేరు రాసిన గుర్తుగా చివరి అక్షరం 'బ్బ' మిగిలి ఉంది. అది చూడగానే నాకు తెలిసింది, అక్కడ దిబ్బ ఉండింది. నాకు బాగా తెలిసింది. తెలియలేదని ఇప్పుడు చెప్పుకుంటే నా నాలుక ఊడిపోతుంది. హెడ్ సారు దగ్గరికి తీసుకుపోయి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకెత్తి, "చుట్టూ ఏముండాది?" అన్నాడు. "ఏరు సార్" అన్నాను. "ఇంగేం మరి?" అన్నాడు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చుని, ఆ చిల్లును చుక్కలతో నింపాను. రెండు గంటలు పట్టింది. అతుకు ఎక్కడుందో నాకే కనబడనంత బాగా కుదిరింది. కింద 'అసలుకు సరిపోయింది' అన్న చోట సంతకం చేశాను. ఆ చిల్లు ఒక్కటే అనుకునేరు. అట్లాంటివి ఎన్ని నింపానో లెక్క లేదు.

కొత్త ప్రతులు తయారయ్యాక పాతవి పనికిరానివని రాసేశారు. వాటిని తగలబెట్టాలన్నారు కానీ ఎవరూ తగలబెట్టలేదు. మల్లు గుడ్డ మంచిది, ఈ కాలంలో అంత మెత్తటి గుడ్డ దొరకదని అటెండరుకు తెలుసు. ఆఫీసు వెనక తొట్టిలో పటాల్ని నానేశాడు. కాగితం ఊరి, ఊళ్ళూ ఏర్లూ ముద్దలుగా పైకి తేలాయి. దాన్ని పారతో తోడి ముళ్ళకంపలో పోశాడు. పందులు వచ్చి కెలికాయి. మిగిలిన గుడ్డల్ని ఉతికి ఆరేసి అందరికీ పంచాడు. నాకు అప్పటికి ఏడో నెల. "మెత్తగుంటాయి మేడం, పిల్లోనికి పనికొస్తాయి" అని నాకు రెండు ఎక్కువ ఇచ్చాడు. తీసుకున్నాను. మా అబ్బాయి ఏ ఊరి ఏటి మీద ఉచ్చ పోశాడో ఈ రోజుకీ నాకు తెలియదు.

తర్వాత ఏడెనిమిది ఏళ్ళకు పెన్న ఇసుకకు గిరాకీ పుట్టింది. బెంగుళూరులో మేడలు లేస్తున్నాయి. మొదట ట్రాక్టర్లు దిగాయి, తర్వాత లారీలు. ఏ ఏట్లో ఎక్కడెక్కడ ఇసుక ఉందో చెప్పమని మా ఆఫీసుకు కాగితాలు రావడం, నేను గీసిన పటాల నకళ్ళు పోవడం మొదలైంది. హెడ్ సారు అప్పటికే రిటైరై, వక్కాకు డబ్బాతో సహా ఊరికి పోయాడు.

ఒక రోజు ఒక అవ్వ వచ్చింది. ఎండకు నల్లగా కమిలిన మొహం, చంకలో గుడ్డ మూట. అటెండరు అదిలిస్తున్నా లెక్క చేయకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, మాది ఏటిగట్టు ఊరు. ఏటి నడమ మాకు దిబ్బ ఉండాది. బాలింతదిబ్బ. మా ఇంటాయన వాళ్ళ జేజి పురిటికని పుట్టింటికి పోతాంటే నడమలో ఏరొచ్చిందంట. ఆ దిబ్బెక్కి ఆడనే కనింది. మూడో దినానికి ఏరు తగ్గినంక బిడ్డనెత్తుకొని నడిసొచ్చింది. ఆ బిడ్డే మా మామ. అప్పటిసంది మేమే దాన్ని చేసుకుంటాండాము. ఊటబాయి ఉండాది, వంగతోట ఉండాది. ఇప్పుడు ఇసుక కాంట్రాక్టు ఆయప్ప వచ్చి, ఈడ దిబ్బే లేదు, పటంలో అంతా ఇసుకే ఉండాది, లెయ్ అంటాండాడు. పటంలో లేకుండా యాడికి పోతాది మేడం? నకలియ్యి. వాని మొగాన కొడతా."

ఆ భూమికి పట్టా లేదు. ఏటి నడుమ నేలకు పట్టా ఇవ్వరు. ఆమెకున్న ఆధారమల్లా పటంలో ఆ గీత, ఆ పేరు. దిబ్బగా చూపిన చోటును వదిలిపెట్టి, మిగిలిన ఏటినే వేలం వేయాలి. దిబ్బ కనబడకపోతే అంతా ఇసుకే, అంతా వేలమే.

ఊరి పేరు అడిగాను. ఆమె చెప్పింది. బీరువాలోంచి ప్రతి తీసి బల్ల మీద పరిచాను. తెల్లటి కాగితం మీద ఏరు నిండా చుక్కలు, ఒక్కటీ చెదరలేదు. అవ్వకు చదువు రాదు. వేలితో మెల్లగా ఏటి వెంట తడుముతూ పోయింది, ఊరి గుడి దగ్గరనుంచి మొదలుపెట్టి, వంక కలిసే చోటు దాటి, సరిగ్గా ఆ చోటికి వచ్చి ఆపింది. "ఈడ ఉండాల" అంది. చదువు రాని ఆమె వేలు, నేను పూడ్చిన చిల్లు మీద ఆగింది.

"చూస్తాం అవ్వా, పెద్ద సారుతో మాట్లాడతా" అన్నాను. 

ఆమె మూట విప్పి లేత వంకాయలు బల్ల మీద కుప్పగా పోసింది. "ఈటిని చూపియ్యి మీ సారుకు. ఇసుకలో కాస్తాయా ఇట్లాంటివి? మన్ను లేకుండా వంగచెట్టు పుడతాదా? అడుగు." ఆమె దగ్గరున్న సాక్ష్యం అది. ఆమె మెట్లు దిగిందో లేదో, అటెండరు వచ్చి సాక్ష్యాన్ని భాగాలు వేశాడు. పెద్ద సారుకు కొన్ని, గుమాస్తాలకు కొన్ని. నా వంతు నాలుగు వచ్చాయి. ఆ సాయంత్రం గుత్తివంకాయ చేశాను. మా ఇంట్లోవాళ్ళు వేళ్ళు నాక్కున్నారు. నేనూ తిన్నాను.

పెద్ద సారు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. చెడ్డవాడని చెప్పలేను. నేను సంగతి ఎత్తగానే నవ్వాడు. "లంకలాండీ? పెన్నలోనా? మా గోదావరిలో లంక అంటే ఊళ్ళకు ఊళ్ళుంటాయి. మీ ఇసుక కుప్పల్ని కూడా దీవులంటారా!" అన్నాడు. హైదరాబాదులో ఇంకో పాత ప్రతి ఉండొచ్చు, రాసి తెప్పిద్దాం అన్నాను. "రాస్తే ఆరు నెలలు పడుతుందండీ. వేలం వచ్చే వారమే. సరే, ఒకసారి స్థలం చూసొద్దాం" అన్నాడు. పురుగు తిన్న సంగతి మాత్రం నేను చెప్పలేదు.

జీపు కాంట్రాక్టరుదే. డ్రైవరు పక్కన ఆయన కూర్చున్నాడు, వెనక మేము. దారి పొడవునా గుట్కా నములుతూ, కిటికీలోంచి ఉమ్ముతూ ఉన్నాడు. ఆ తుంపర్లు గాలికి వెనక్కి వచ్చి నా చీర మీద పడ్డాయి. కొంగుతో తుడుచుకున్నాను. జీపు వాడిదని ఊరుకున్నాను కాబోలు.

ఏట్లో దిగి నడిచాం. పాదాలు బొబ్బలెక్కే ఇసుక. నడుమకు పోయేసరికి నేల కాళ్ళ కింద గట్టిపడింది, ఎత్తెక్కింది. కానుగచెట్లు వచ్చాయి. చెట్ల కింద నీడ, నీడ పక్కన వంగతోట, రాళ్ళు పేర్చి కట్టిన చిన్న బావి. దాని నీళ్ళు నాలుగు మూరల లోతులోనే కనబడుతున్నాయి. ఊరు సగం మంది అక్కడే ఉన్నారు. ఎండాకాలంలో ఊరంతటికీ తీపి నీళ్ళు ఆ బావివేనట. అవ్వ చెంబుతో నీళ్ళు తోడి మాకిచ్చింది. ముందు సారు తాగాడు, తర్వాత కాంట్రాక్టరు, చివర నేను. చల్లగా, కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. రెండో చెంబు కూడా అడిగి తాగాను.

సారు చెట్టు నీడలో నిలబడి నా పటం విప్పాడు. దిబ్బ మీద నిలబడి, దిబ్బ లేని పటాన్ని చూస్తున్నాడు. చెట్లు చూశాడు, మళ్ళీ పటం చూశాడు. ఆయనకు కూడా ఇబ్బందిగానే అనిపించింది, నుదురు రుద్దుకున్నాడు.

"ఇది ఈ మధ్య మేట వేసిన మట్టి అయ్యుంటుంది సార్, పదేళ్ళ కిందో పన్నెండేళ్ళ కిందో" అన్నాడు కాంట్రాక్టరు.

"ఈ మధ్యనా?" అంది అవ్వ. "నా మొగుణ్ణి కన్నోడు పుట్టిన జాగా అప్పా ఇది!"

సారు నా వైపు తిరిగాడు. "ఏమండీ, ఈ ప్రతి గీసింది మీరే కదా? పాత పటం మీరు కళ్ళారా చూశారు. ఇది అసలుకు సరిపోయిందా?"

అందరూ నా మొహం వైపు చూశారు. నేను చెప్పవలసింది ఒక్క ముక్క, అక్కడ చిల్లు ఉండింది సార్ అని. ఆ ముక్కతో వేలం ఆగేది, కనీసం హైదరాబాదు ప్రతి వచ్చేదాకా. కానీ ఈ చిల్లు ఒప్పుకుంటే మిగతా చిల్లులు? జిల్లాలో నేను నింపినవన్నీ బయటికొస్తాయి. మెమో ఇస్తారు, ఇంక్రిమెంటు ఆపుతారు, మా నాయన చచ్చి నాకు తెచ్చిపెట్టిన ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. ఇదంతా నాకు ఒక్క క్షణంలో తోచింది. పాడు తెలివి, ఇలాంటప్పుడు ఎంత చురుగ్గా పని చేస్తుందో!

"సరిపోయింది సార్" అన్నాను.

 అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. అవ్వ నా చేతిలోని చెంబు తీసుకుని, మిగిలిన నీళ్ళు ఒక వంగమొక్క మొదట్లో పోసి, బావి వైపు నడిచింది. సారు కాగితం మీద రాశాడు, 'స్థల పరిశీలన చేయడమైనది. పటం ప్రకారం దిబ్బ లేదు.' కాగితం కింద ఆనుకోవడానికి పలక లేక, ఆ బావి గోడ మీదే పెట్టి రాశాడు.

రెండు ఎండాకాలాలు గడిచాయి. ఒకసారి బస్సులో ఆ దారిన పోతూ వంతెన మీదనుంచి చూశాను. కానుగచెట్లు లేవు. దిబ్బ ఉన్న చోట లారీలు దిగేంత గుంత. గుంత నడుమ బావి గోడ ఒక్కటే పొగగొట్టంలా నిలబడి ఉంది, చుట్టూ ఉన్న నేలంతా తోడేశారు కాబట్టి. మరుసటి ఏడు అది కూడా కూలిందని విన్నాను. ఇప్పుడా ఊరికి ట్యాంకరు నీళ్ళు పోతాయి.

రెండు వేల తొమ్మిదో, పదో, సరిగ్గా గుర్తు లేదు, మళ్ళీ కొత్త పటాలన్నారు. ఈసారి ఉపగ్రహం నుంచి తీసిన బొమ్మల మీద సర్వేయర్లు ఊరూరా తిరిగి, స్థానికంగా వాడే పేర్లన్నీ అడిగి రాసుకురావాలి. పేర్లు సరిచూసి, చక్కగా ఇంకుతో ఎక్కించే పని నాది. అప్పటికి నేను ఆ గదికి హెడ్‌ని. ఆ ఊరి కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఏటి నడుమ ఒక గుంత ఆకారం, దాని పక్కన పెన్సిలుతో ఒక పేరు ఉంది. చదివి, కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ చదివాను.

'మేడం గుంత.'

"ఇదేం పేరప్పా?" అని సర్వేయరును అడిగాను. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, నవ్వాడు. "ఏమో మేడం, అందరూ అట్లనే అంటాండారు. ఎవరో మేడం అందులో పడి సచ్చిందేమో!" అన్నాడు.

పేరు మీద అనుమానం వస్తే పోయి సరిచూసుకోవాలని నియమం. నియమాలు పాటించే బుద్ధి నాకు అప్పుడు పుట్టింది. బస్సెక్కి పోయాను. గుంత అంచున ఒకాయన గొర్రెలు మేపుతున్నాడు. నన్ను ఎరగడు. దీని పేరేమన్నా అని అడిగాను.

"మేడం గుంతమ్మా."

"ఎందుకట్లా అంటారు?"

"ఈడ బాలింతదిబ్బ అని ఉన్నింది. మంచి నీళ్ళ బాయి ఉన్నింది. అనంతపురం నుంచి ఒగ మేడం వచ్చి, దిబ్బ మీదనే నిలబడి, ఆ బాయి నీళ్ళే రొండు చెంబులు తాగి, దిబ్బ లేదు అనిందంట. అప్పటిసంది ఇది మేడం గుంత." గొర్రెను ఒకదాన్ని అదిలించి, నా వైపు తిరిగాడు. "మా పిల్లోల్లకు గూడా ఇట్లనే చెప్తాండాం. మరుస్తారేమోనని."

ఆ అవ్వ ఏమైందని అడిగాను. కొడుకు బెంగుళూరులో మేడ కట్టేచోట కాపలాకు కుదిరితే వాడి వెంట పోయిందట. ఇంకెవరినీ అడగలేకపోయాను.

ఆఫీసుకు వచ్చాక, అప్పటి పెద్ద సారు ఆ పేరు చూసి మొహం చిట్లించాడు. "మేడం గుంతేమిటి, ఎగతాళిగా ఉండాది. ఉట్టి గుంత అని రాసెయ్యండి, లేదా వదిలేయండి. ఎవరడుగుతారు?" అన్నాడు. లేదు సార్, మూడు తరాలు ఆ పేరే చెప్పుకుంటారు, ఉండనివ్వండి అన్నాను. ఆయనకు నా మాట అర్థం కాలేదు, సరేనన్నాడు.

తలుపు దగ్గరగా వేసుకుని బల్ల ముందు కూర్చున్నాను. గుంత ఆకారం దిద్దాను. దాని పక్కన నల్ల ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో, మేడం గుంత అని రాశాను. ఒక అక్షరం వంకరపోతే గీకేసి మళ్ళీ రాశాను. కింద 'క్షేత్రంలో విచారించి సరిచూసినది' అన్న చోట నా పేరు పూర్తిగా రాసి సంతకం చేశాను.